అందరూ ఆహ్వానితులేనా?

"పద్యనాటక ప్రదర్శన నిమిత్తం నటీనటులు కావలెను. కళాభిమానం గల అందరూ ఆహ్వానితులే. పాత్రోచితమైన రూపం, స్పష్టమైన ఉచ్చారణ గలవారికి ప్రాధాన్యం. స్త్రీలు కుటుంబ సభ్యుల అనుమతితో సంప్రదించగలరు. ఎంపిక విషయంలో సమాజం వారిదే తుది నిర్ణయం."

ఇలాంటి నోటీసు మీరు ఎక్కడో ఒకచోట చూసే ఉంటారు. ఒకప్పుడు లైబ్రరీ గోడ మీద, టీ అంగడి ముందు, గుడి మంటపంలో కనిపించేది. ఇప్పుడు వాట్సాప్‌లో వస్తుంది, చివర దండం పెట్టే బొమ్మతో సహా. పైన ఉన్నది ఏ ఒక్క సమాజానిదీ కాదు. మదనపల్లె, పుంగనూరు, కుప్పం పక్క ఇన్నేళ్లుగా నేను చూసిన నోటీసులన్నిటినీ కలిపి, వాటి మాటలతోనే కుట్టాను. చదివితే తప్పు పట్టడానికి ఏమీ కనపడదు. ఎవరినీ నొప్పించదు. ఎంత వినయంగా రాశారో అనిపిస్తుంది. నా గొడవంతా ఆ వినయంతోనే.

ఈ ఐదు వాక్యాల్లో చదివినవాళ్లకు పనికొచ్చే సంగతి ఒక్కటీ లేదు. ఏ నాటకం? ఏ పాత్రలు ఖాళీగా ఉన్నాయి? ఎన్ని పద్యాలు పాడాలి, ఏ శ్రుతిలో? రిహార్సల్స్ ఎక్కడ, రాత్రి ఎన్నింటిదాకా? డబ్బు ఇస్తారా, మనమే ఇవ్వాలా? ఇవన్నీ నోటీసు రాసినవాళ్లకు తెలుసు. తెలిసీ రాయలేదు. రాయని ప్రతి సంగతినీ ఎవరో ఒకరు ఒక ఆదివారాన్నో, ఒకరోజు కూలినో, కొంచెం పరువునో పోగొట్టుకుని తెలుసుకోవాలి. నోటీసులో మర్యాదంటే మెత్తటి మాటలు వాడటమని మనవాళ్లు నమ్ముతున్నారు. వెళ్లాలా వద్దా అని ఇంటి దగ్గరే తేల్చుకునేంత సమాచారం ఇవ్వడమే మర్యాదని నా వాదన.

నేను మదనపల్లె మనిషిని. వారమంతా బెంగళూరులో ఉద్యోగం, శనివారం వస్తే ఊళ్లో నాటకం. మేం ఏడెనిమిది మందిమి. పద్యనాటకంలోంచి సీన్లు తీసుకుని ఆడతాం, అప్పుడప్పుడు పాటల నాటిక కూడా వేస్తాం. మ్యూజికల్ అనగానే మీలో చాలామందికి బ్రాడ్‌వే గుర్తొస్తుంది. హార్మోనియం పక్కన నిలబడి, పద్యం చివర రాగం తీసి, జనం వన్స్‌మోర్ అంటే మళ్లీ అందుకునే నాటకం మనకు వందేళ్లకు ముందు నుంచే ఉంది. దాన్ని మ్యూజికల్ అనడానికి నాకేం మొహమాటం లేదు. మా జట్టులో నోటీసులు రాసే పని నాది. అందుకే ఈ విషయం మీద నాకింత పంతం.

ఒక్కో వాక్యం తీసుకుందాం.

ముందుగా "అందరూ ఆహ్వానితులే" అన్నది. మన పక్క ఏ సమాజమైనా పాండవోద్యోగం వేస్తుందంటే కృష్ణుడెవరో ఊరందరికీ తెలుసు. సమాజం అధ్యక్షుడో, కార్యదర్శో, చందా ఎక్కువ ఇచ్చిన దాతో. దుర్యోధనుడు ఆయన స్నేహితుడు. మిగిలేది విదురుడు, సంజయుడు, భటులు. ఇందులో నాకు అభ్యంతరం లేదు. ఇరవై ఏళ్లు సొంత డబ్బు పెట్టి సమాజాన్ని నిలబెట్టినాయన కృష్ణుడు వేసుకుంటానంటే అది ఆయన హక్కే అనుకుందాం. ఆ మాట నోటీసులో రాయడానికి ఏమొచ్చింది?

కుప్పం నుంచి మదనపల్లెకు రోడ్డు మీద వంద కిలోమీటర్లు దాటుతుంది. కుప్పానికి రైలుంది, అది బెంగళూరుకు పోతుంది, మదనపల్లెకు రాదు. పలమనేరు మీదుగా బస్సులు మారి రావాలి. అట్లా వచ్చిన ఒక కుర్రవాడిని నాకు తెలుసు. నెలరోజులు యూట్యూబ్‌లో విని కృష్ణుడి పద్యాలు నేర్చుకున్నాడు. వచ్చి పాడాడు. పెద్దలు తలలూపారు. "శానా బాగా పాడినావు నాయనా, మేమే ఫోన్ చేస్తాంలే" అన్నారు. కృష్ణుడి డ్రెస్సుకు అధ్యక్షుడి కొలతలు అప్పటికే ఇచ్చేశారు. ఆ ఫోను ఎప్పటికీ రాలేదు. ఆ కుర్రవాడు తన గొంతులోనే ఏదో లోపముందనుకున్నాడు. మొహం మీద కాదనలేని మంచితనం చేసిన పని అది. పాత్ర దక్కకపోవడం వేరు, తన గొంతు మీద తనకు నమ్మకం పోవడం వేరు. రెండోదానికి పూచీ ఆ నోటీసుదే.

సరిహద్దు దాటి కన్నడ పల్లెల్లోకి వెళ్తే, కురుక్షేత్రం ఆడేటప్పుడు డబ్బు కట్టి పాత్ర తీసుకునే పద్ధతి ఉంది. కొన్నిచోట్ల వేలం కూడా వేస్తారు. పెద్ద పాత్రకు పెద్ద మొత్తం, చిన్న పాత్రకు చిన్న మొత్తం. మన చదువుకున్నవాళ్లు దీన్ని విని నవ్వుతారు, కళను అమ్ముకోవడం అంటారు. నాకైతే అందులో ఒక నిజాయితీ కనిపిస్తుంది. డబ్బున్నవాడికే పాత్ర దక్కడం మంచిదని అనను. ఆ లెక్క అందరి ముందూ ఉంటుందని మాత్రం అంటాను. డబ్బు లేనివాడు కనీసం తనకు పాడటం రాదని అనుకోడు. మన నోటీసుల్లోనూ వేలం ఉంది, పైకి చెప్పరు, అంతే.

నిజానికి దీనికి మన పద్యనాటకమే ఎప్పుడో మార్గం చూపించింది. ఒకే రాత్రి నాటకంలో ఇద్దరు ముగ్గురు కృష్ణులు కనిపించడం మనకు కొత్తేం కాదు. పడక సీనుకొకరు, రాయబారానికొకరు. జనానికి ఏ ఇబ్బందీ లేదు, పైగా పోల్చుకుని మురిసిపోతారు. అధ్యక్షుడి గారికి పడక సీను ఉంచి, రాయబారం కృష్ణుడు ఖాళీ అని రాస్తే కుప్పం కుర్రవాడికి ఒక దారి దొరుకుతుంది.

రెండోది "పాత్రోచితమైన రూపం". దీన్ని మామూలు భాషలోకి మారిస్తే "తెల్లగా ఉండాలి" అని. షార్ట్ ఫిల్ములు తీసే కుర్రాళ్లు ఈ మాట పచ్చిగానే రాస్తారు, "ఫెయిర్ స్కిన్, 18 నుంచి 25" అని. నాటక సమాజాల పెద్దలకు సంస్కారం ఎక్కువ కాబట్టి సంస్కృతంలో రాస్తారు. 2020లో హిందుస్థాన్ యూనిలీవర్ వాళ్లు ఫెయిర్ అండ్ లవ్లీ పేరులోంచి ఫెయిర్ తీసేసి గ్లో అండ్ లవ్లీ అన్నారు. మాట మారినా, అంగడిలో ఆ ట్యూబు ఎందుకు కొంటున్నారో కొనేవాళ్లకు తెలుసు. మన నోటీసుల్లో జరుగుతున్నదీ అదే.

ఇందులో మరీ వింత ఏమిటంటే, ఈ మాట వాడేది పౌరాణిక నాటకానికి. కృష్ణుడంటేనే నల్లనివాడు. మహాభారతంలో ద్రౌపదికి ఉన్న పేర్లలో కృష్ణ ఒకటి, ఆమె రంగును బట్టే. మా చిత్తూరు పల్లెల్లో ద్రౌపదమ్మ గుళ్ల దగ్గర ఏటా భారతం జరుగుతుంది. పగలు హరికథ, రాత్రి వీధినాటకం. అర్జునుడు తపస్సు మాను ఎక్కుతాడు, చివర దుర్యోధన వధ. ఆ వీధినాటకంలో ద్రౌపదికి దండం పెట్టే జనం, వేషం కట్టిన మగమనిషి ఛాయ ఎంతని ఎప్పుడూ అడగలేదు. టౌన్ హాలు స్టేజీ మీదికి వచ్చేసరికే నల్లని ద్రౌపదికి తెల్లని అమ్మాయి కావలసి వచ్చింది.

పైగా రూపం గురించి పట్టుబట్టే హక్కు తెలుగు నాటకానికి అసలుందా? బాపట్ల స్థానం నరసింహారావుని మనం ఎందుకు తల్చుకుంటాం? సత్యభామగా, చింతామణిగా, రోషనారగా ఒక మగవాడు స్టేజీ మీదికి వస్తే జనం ఆడదనే నమ్మారు కాబట్టి. 1956లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. నడక, చూపు, చీర కుచ్చెళ్లు సర్దుకునే తీరు, వీటితో పాత్ర తయారవుతుందని ఆయన జీవితమంతా చూపించాడు. ఆ చరిత్రని సన్మాన సభల్లో గంటలు గంటలు చెప్పుకుని, నోటీసులో మాత్రం రూపం అడగటం ఏం న్యాయం? దర్శకుడికి నిజంగా ఒక శారీరకమైన అవసరం ఉండొచ్చు. భీముడు గదతో ఎనిమిది నిమిషాలు యుద్ధం చేయాలి, కిరీటం, భుజకీర్తులు బరువుంటాయి. అలాగైతే "బరువైన ఆభరణాలతో ఎనిమిది నిమిషాల యుద్ధం ఉంది" అని రాయండి. పని ఏమిటో చెప్పండి. చేయగలనో లేదో వచ్చేవాడే చూసుకుంటాడు.

మూడోది "స్పష్టమైన ఉచ్చారణ". నాకు అన్నిటికన్నా ఒళ్లు మండేది ఇదే. పద్యానికి ఉచ్చారణ అక్కర్లేదని నేననడం లేదు. యతి దగ్గర ఎక్కడ విరవాలో, ఒత్తక్షరం ఎంత పలకాలో తెలియకపోతే పద్యం కూలిపోతుంది. అయితే అది నేర్పే విద్య. రిహార్సల్స్ ఉన్నవే అందుకు. నెలరోజులు వెంట కూర్చుని పలికిస్తే ఎవరికైనా వస్తుంది. మా పక్క పల్లెల్లో బడి మొహం చూడని రైతులకు నాటకాల అయ్యవార్లు నోటి పాఠంగా పద్యాలు నేర్పి కురుక్షేత్రాలు ఆడించారు. నేర్పాల్సినదాన్ని గుమ్మం దగ్గరే అడిగితే, లోపలికి వచ్చేది ఎవరు? ఇంట్లో ముందే ఆ భాష ఉన్నవాళ్లు. ఏ ఇళ్లలో ఉంటుందో, ఏ ఇళ్లలో ఉండదో నేను విడమరిచి చెప్పాలా? కులం అని రాయలేని చోట ఉచ్చారణ అని రాస్తారు.

కుప్పం సంగతి ఇంకోరకం. అటు తమిళనాడు, ఇటు కర్ణాటక. ఇంట్లో తమిళం, వీధిలో తెలుగు, పనికి పోయినచోట కన్నడం మాట్లాడేవాళ్లు అక్కడ కోకొల్లలు. ద్రావిడ భాషలన్నిటికీ కలిపి ఒక విశ్వవిద్యాలయం పెట్టాలనుకున్నప్పుడు 1997లో కుప్పంలోనే పెట్టారు. అటువంటి ఊరి మనిషి "ఎట్లుండారు సార్" అని నోరు తెరవగానే, "యాస ఉందే" అని ముఖం చిట్లించే ఎంపిక సంఘాలు మనవి. సాహిత్యంలో ఈ తగువు ఎప్పుడో తీరిపోయింది. నామిని సుబ్రహ్మణ్యం నాయుడు చిత్తూరు మాటనే కథగా రాస్తే రాష్ట్రమంతా చదివింది. ఆ పుస్తకాలు అలమరలో పెట్టుకున్నవాళ్లే ఆడిషన్ గదిలో కూర్చుని యాస లెక్కపెడతారు.

ఇంకొక్క మాట చెప్పి ముందుకు పోతాను. హరిశ్చంద్ర నాటకంలో కాటిసీను కోసం జనం తెల్లవారుజాము దాకా కూర్చుంటారు. నాటకం బలిజేపల్లి లక్ష్మీకాంతం గారిది. ఆ సీనులో నటులు ఎత్తుకునే శ్మశాన పద్యాలు గుర్రం జాషువావి. అంటరానితనాన్ని ఒంటి మీద భరించిన కవి పద్యాలు లేకుండా మన కాటిసీనే లేదు. ఆయన పద్యాలకు వన్స్‌మోర్ కొడతాం. ఆయన పుట్టిన వాడల్లాంటి చోటి నుంచి వచ్చిన పిల్లవాడికి "ఉచ్చారణ" అనే కంచె వేస్తాం.

నాలుగోది ఆడవాళ్ల వాక్యం. "కుటుంబ సభ్యుల అనుమతితో సంప్రదించగలరు." దీన్ని రాసినాయన జాగ్రత్త కొద్దీ రాశాననుకుంటాడు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన సురభి వారి కుటుంబాల్లో ఆడవాళ్లు ముందునుంచే వేషాలు వేశారు. బళ్లారి రాఘవ ఆడ పాత్రలు ఆడవాళ్లే వేయాలని పట్టుబట్టాడు. కొమ్మూరి పద్మావతీదేవి లాంటి చదువుకున్న స్త్రీలు ఆయన పక్కన స్టేజీ ఎక్కారు. రాఘవ 1946లో పోయాడు. ఇన్నేళ్ల తర్వాత మనం ఇంకా అనుమతి పత్రం దగ్గరే ఉన్నాం.

అనుమతి గురించి రాసినవాళ్లు ఆడవాళ్లకు నిజంగా కావలసిన ఒక్క సంగతీ రాయరు. రిహార్సల్ గదిలో ఇంకో ఆడమనిషి ఉంటుందా? రాత్రి తొమ్మిదికి వదిలితే పుంగనూరు బస్సు దొరుకుతుందా, దొరక్కపోతే ఎవరు దింపుతారు? ప్రదర్శన రోజు డ్రెస్సు మార్చుకోవడానికి తలుపున్న గది ఉందా, బాత్రూమ్ ఉందా? ఫోన్ నంబరు ఎవరిది? ఈ నాలుగూ రాస్తే అనుమతి సంగతి ఆ అమ్మాయి చూసుకుంటుంది. ఇంట్లో వాళ్లను ఒప్పించడానికి ఆమెకు కావలసింది ఈ వివరాలే.

ఫోటోల సంగతీ చెప్పాలి. ద్రౌపది పాత్ర కోసం నేనొక సమాజానికి ఫోన్ చేశాను. ఊరు, పేరు వద్దు. "మీ ఫుల్ సైజు ఫోటో వాట్సాప్ చెయ్యండమ్మా, కమిటీకి చూపించాల" అన్నారు. పాట వినిపిస్తానంటే తర్వాత చూద్దామన్నారు. పట్టుబట్టి నేరుగా వెళ్లి మూడు పద్యాలు పాడాను. "గొంతు అద్భుతమమ్మా" అని, చెలికత్తె వేషం ఇస్తామన్నారు. బయటికొచ్చాక హార్మోనిస్టు చెప్పాడు, ద్రౌపదికి కోస్తా నుంచి ఒక ఆర్టిస్టును మాట్లాడి అడ్వాన్సు కూడా ఇచ్చేశారని. నాకు కోపం ఆ ఆర్టిస్టు మీద లేదు. వృత్తిగా నాటకమాడే ఆవిడకు డబ్బివ్వడం న్యాయమే. అడ్వాన్సు ఇచ్చేసిన పాత్రకు ఊళ్లో అమ్మాయిల ఫోటోలు ఎందుకు పోగేశారన్నదే నా ప్రశ్న. ఆ ఫోటోలు ఇప్పుడు ఎవరెవరి ఫోన్లలో ఉన్నాయో ఎవరు చెప్తారు?

ఇక ఐదోది, "సమాజం వారిదే తుది నిర్ణయం". నిర్ణయం వాళ్లది కాకపోతే ఇంకెవరిది? ఎవరూ అడగని ప్రశ్నకు జవాబు అది. అడిగే ప్రశ్న వేరే ఉంది: ఆ నిర్ణయం మాకెప్పుడు, ఎలా తెలుస్తుంది? దానికి జవాబుండదు. "మేమే ఫోన్ చేస్తాం" అన్న మాటతో మనుషులు నెలల తరబడి ఎదురు చూస్తారు. ఊళ్లో ఎదురైతే మొహం చాటేస్తారు, వీళ్లూ వాళ్లూ. ఫలానా తేదీలోపు ఎంపికైనవాళ్లకూ కానివాళ్లకూ ఇద్దరికీ మెసేజ్ పెడతాం అని ఒక్క లైను రాస్తే ఆ మొహమాటమంతా పోతుంది.

ఇలా అన్నీ విప్పి రాస్తే చిక్కులొస్తాయని అనేవాళ్లు అమెరికా ఉదాహరణ చూపిస్తారు. నిజమే. 2016 మార్చిలో హామిల్టన్ మ్యూజికల్ వాళ్లు తెల్లవాళ్లు కానివారు కావాలని నోటీసులో రాశారు. అమెరికా స్థాపకుల పాత్రల్ని నల్లజాతి, లాటినో నటులు వేయడమే ఆ నాటకం ప్రాణం. అయినా ఒక లాయర్ అభ్యంతరం చెప్పాడు, నటుల సంఘం ఆ మాటలు తాము ఒప్పుకున్నవి కావంది. పాత్రల్ని ఎవరు వేయాలన్న తమ ఆలోచనను సమర్థించుకుంటూనే, ఎవరైనా ఆడిషన్‌కు రావచ్చని స్పష్టం చేస్తామని నిర్మాతలు చెప్పారు. దీన్ని చూపి "చూసినారా, ఏం రాసినా తంటానే, అందుకే పైపైన రాయాల" అంటారు మనవాళ్లు. నాకు అందులో వేరే పాఠం కనిపిస్తుంది. పాత్ర ఎలాంటిదో, నాటకం ఏం చెప్పదలచుకుందో ఎంతైనా రాయొచ్చు. వచ్చే మనిషి ఏ ఒంటితో, ఏ ఇంటి నుంచి రావాలో రాసే హక్కు మాత్రం లేదు. ఈ గీత అర్థమైతే పైపైన రాయాల్సిన అవసరమే రాదు.

మరి అందరినీ పిలవకూడదా అంటే, పిలవాలి. ఎక్కడ పిలవాలో తెలిసి పిలవాలి. దీనికి మంచి ఉదాహరణ మా ఊళ్లోనే ఉంది. 1919 ఫిబ్రవరిలో టాగూర్ మదనపల్లె వచ్చి బీసెంట్ థియొసాఫికల్ కాలేజీలో ఉన్నాడు. జనగణమనకు ఇంగ్లీషు అనువాదం ఇక్కడే చేశాడు. ఐరిష్ కవి జేమ్స్ కజిన్స్ అప్పుడు ప్రిన్సిపాల్, ఆయన భార్య మార్గరెట్ కజిన్స్ సంగీతం తెలిసినావిడ, పాట వరుసకు ఆవిడ స్వరలిపి రాసింది. ఒక సాయంత్రం టాగూర్ ఆ పాట పాడుతుంటే, పల్లవి దగ్గర విన్నవాళ్లంతా గొంతు కలిపారని, మళ్లీ మళ్లీ పాడించుకున్నారని కజిన్స్ రాసిపెట్టాడు. ఆ గదిలో ఎవరి శ్రుతి ఎంతని ఎవరూ అడగలేదు. పల్లవి అందరిదీ. చరణం ఆ రోజుకి ఒక్కడిది.

సంగీత నాటకానికి ఇదే సూత్రం. కోరస్ ఉందనుకోండి, అక్కడ "ఎవరైనా రావచ్చు, పరీక్ష లేదు" అని రాయండి, ఆ మాట మీద నిలబడండి. ఒంటరిగా పాడే పాత్ర ఉందనుకోండి, అక్కడ పరీక్ష ఉందని, ఏం పాడాలో, ఎవరు వింటారో రాయండి. పరీక్ష ఉన్నచోట అందరూ ఆహ్వానితులే అనడం, పరీక్ష అక్కర్లేని చోట రూపం, ఉచ్చారణ అడగడం, ఈ రెండు తప్పులూ మన నోటీసులు ఒకేసారి చేస్తున్నాయి.

మా జట్టు కోసం ఈసారి నేను రాసింది ఇది. గొప్పగా ఉందని పెట్టడం లేదు. ఇందులో అలంకారం ఏమీ లేదు. వాడుకోవాలనుకున్నవాళ్లు వాడుకోండి.

"పాండవోద్యోగం నుంచి పడక సీను, ద్రౌపది సీను, రాయబారం వేస్తున్నాం. నిడివి రెండు గంటలు. పడక సీను కృష్ణుడు, దుర్యోధనుడు మా జట్టులోవాళ్లే, వాటికి ఎంపిక లేదు. రాయబారం కృష్ణుడు (12 పద్యాలు), ద్రౌపది (5), కర్ణుడు (4) ఖాళీ. ద్రౌపది పాత్ర ఆడవాళ్లయినా మగవాళ్లయినా వేయొచ్చు. మీకు వచ్చిన ఏ రెండు పద్యాలైనా పాడండి, మీ గొంతుకు పట్టే శ్రుతి మేమే వెతుకుతాం. మీ ఊరి మాటతోనే రండి, పద్యం పలకడం రిహార్సల్లో నేర్పుతాం. ఫోటో పంపొద్దు. చివరి సీనులో బృందగానానికి పదిమంది కావాలి, దానికి పరీక్ష లేదు, వచ్చి నిలబడితే చాలు. రిహార్సల్స్ ఎనిమిది ఆదివారాలు, మదనపల్లెలో, పొద్దున పది నుంచి సాయంత్రం నాలుగు వరకు. ఎవరికీ పారితోషికం లేదు. బస్సు చార్జీ, మధ్యాహ్నం భోజనం మావి. డ్రెస్సు, మేకప్ ఖర్చు మాదే. జట్టులో ముగ్గురు ఆడవాళ్లున్నారు, కింద ఇచ్చిన రెండు నంబర్లలో ఒకటి వాళ్లలో ఒకరిది. పాడిన వారంలోపు, తీసుకున్నా తీసుకోకపోయినా, అందరికీ మెసేజ్ పెడతాం."

దీన్ని చూసి పెద్దాయనొకరు నాతో అన్న మాట: "ఇంత పచ్చిగా రాస్తే ఎవురొస్తారు మ్మా? నోటీసంటే కొంచెం పెద్దరికంగా ఉండాల. మన జట్టోళ్లకే పాత్రలు పెట్టుకున్నామని మనమే చాటుకుంటామా?" ఆయన కోపంతో అనలేదు. ఊళ్లో రేపు మళ్లీ మొహాలు చూసుకోవాలి, దాతలు నొచ్చుకోకూడదు, పరిషత్తు వాళ్ల దగ్గర పరువు నిలవాలి. చిన్న ఊళ్లలో నాటకం బతికేది ఈ సర్దుబాట్ల మీదేనని నాకు తెలుసు. ఆయన తరం ఈ సర్దుబాట్లతోనే టీవీ వచ్చినా, సెల్లు వచ్చినా హార్మోనియం మూగబోకుండా చూసుకుంది. ఆ రుణం ఉంది.

అయితే సర్దుబాటు ఎవరి ఖర్చు మీద జరుగుతోందో చూడాలి. దాతకు నొప్పి తగలకుండా కుప్పం కుర్రవాడు బస్సు చార్జీ పెట్టుకున్నాడు. కమిటీ పెద్దరికం నిలవడానికి ఎవరో అమ్మాయి తన ఫోటో పంపింది. సమాజం పేరు చెడకుండా ఎవరో తన మాట్లాడే తీరే తప్పనుకుని ఇంటికెళ్లారు. ఇన్నాళ్లూ నోటీసు కాపాడుతూ వచ్చింది రాసేవాళ్ల పరువుని. చదివేవాళ్ల పరువు సంగతి ఎవరూ ఎత్తలేదు. పద్యనాటకానికి యువత రావడం లేదని ప్రతి సన్మాన సభలోనూ వాపోతారు. వచ్చినవాళ్లు ఒకసారి వచ్చి మళ్లీ ఎందుకు రాలేదో ఆ సభల్లో ఎవరూ అడగరు.

ఎవరొస్తారని ఆయన అడిగాడు కదా. తక్కువమందే రావొచ్చు. వచ్చినవాళ్లకు తాము దేనికొచ్చారో తెలిసి ఉంటుంది. రానివాళ్లు కూడా ఎవరి ముందూ తల దించుకోకుండా, తమకు ఎనిమిది ఆదివారాలు కుదరవని తామే తేల్చుకుని, నాటకం రోజున జనంలో కూర్చుని వన్స్‌మోర్ కొడతారు. నోటీసు రాసేవాళ్లను నేను అడిగేది ఇంతే. ఈసారి రాసేముందు మీకు తెలిసినవన్నీ ఒక కాగితం మీద పెట్టండి. ఏది రాయడానికి చెయ్యి వెనకాడుతుందో, దాన్ని ముందు రాయండి.